ఎడమచేతి రొట్టె

ప్రభుత్వానికి ఉన్నట్టుండి మర్యాద గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఊరుకోలేక ఆ ఏడాదిని సంస్కార సంవత్సరంగా ప్రకటించింది. బస్సుల్లో పెద్దవాళ్ళకు సీటివ్వాలి, ఆఫీసుకొచ్చిన వాళ్ళని కూర్చోమనాలి, ఆస్పత్రుల్లో రోగుల్ని కసురుకోకూడదు అని ఊళ్ళో గోడలన్నిటి మీదా రాయించారు. ఇవన్నీ మనుషులు చెయ్యాల్సిన పనులు కాబట్టి ఎవరూ చెయ్యలేదు. అప్పుడు పైవాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. మనుషుల కంటే మ్యూజియంలో బొమ్మలు నయం, ఎదురు చెప్పవు, ముందు వాటిని దిద్దుదామనుకున్నారు.

ఆ ఆలోచన ఉత్తర్వుగా మారి నా బల్ల మీదికి వచ్చింది. నేను ఓడలపేట మ్యూజియం క్యూరేటర్ని. "ప్రదర్శిత వస్తువులయందు అమర్యాద, అవినయము ఏ రూపముననున్నను గుర్తించి, తక్షణమే సవరించి, సవరించినట్లు ధ్రువీకరించవలెను" అని అందులో ఉంది. ఉద్యోగం చేసుకునేవాణ్ణి, కాదంటే ఎలా? గదులన్నీ తిరిగాను. కత్తి దూసిన వీరుడి శిల్పం కింద 'ఆత్మరక్షణ కోసం' అని రాయించాను. ద్వారపాలకుడు మరీ గుడ్లురిమి చూస్తున్నాడు కాబట్టి, వచ్చినవాళ్ళు నొచ్చుకోకుండా ఆయన పక్కన 'స్వాగతం' బోర్డు పెట్టించాను. తల లేని విగ్రహం ఎవరినీ చిన్నచూపు చూసే అవకాశం లేదు గనక దాన్ని వదిలేశాను. ఇంతటితో మా మ్యూజియం మర్యాదగా తయారైందని పైకి రాసి పంపించాను.

డచ్చి బొమ్మని నేను అనుమానించలేదు. అసలు దాన్ని ఎవరైనా ఎందుకు అనుమానిస్తారు?

మాది సముద్రం పక్క ఊరు. ఒకప్పుడు డచ్చివాళ్ళు బట్టల బేరానికి వచ్చి ఇక్కడ గోదాములు కట్టుకున్నారు. బేరం చెడి వెళ్ళిపోతూ ఒక గోదామునీ, కొన్ని పింగాణీ పళ్ళాలనీ, ఒక అచ్చుబొమ్మనీ వదిలేశారు. ఆ గోదామే ఇప్పటి మ్యూజియం. బొమ్మ అరచేతికంటే కాస్త పెద్దది. రంగులుండవు, సన్నటి నల్లగీతలే. గీసినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఎవరో పల్లెటూరి రైతు ఇల్లు అది. పైకప్పు తలకి తగిలేంత కిందికి ఉంటుంది. పొయ్యి పక్కన పీట మీద తల్లి కూచుని చంటిపిల్లకి చెంచాతో జావ పెడుతుంటే, పిల్ల మూతి తిప్పేసుకుంటూ ఉంటుంది. తండ్రి పొలం నుంచి వచ్చి కూజా ఎత్తి గటగటా తాగుతుంటాడు. సగం తెరిచిన తలుపు అవతల దారినపోయే ముసలాయన నిలబడితే, ఆ ఇంటి పెద్దావిడ ఆయనకి రొట్టె అందిస్తూ ఉంటుంది. ఒక కుక్క గిన్నె నాకుతూ ఉంటుంది.

మా మ్యూజియంలో రాజులకీ దేవుళ్ళకీ కరువు లేదు. మామూలు మనుషులు మామూలుగా బతుకుతూ కనిపించేది ఈ బొమ్మ ఒక్కదాంట్లోనే. అందుకే శనివారం సంతకి వచ్చే పల్లెటూరి ఆడవాళ్ళు బుట్టలు గుమ్మంలో దించి, రాజుల్ని దాటుకుని నేరుగా దీని దగ్గరికి వచ్చేవాళ్ళు. "పిల్లకి కడుపు నిండిందే, ఇంకా కుక్కుతోంది చూడు" అని ఒకావిడ అంటే, "నువ్వు మాత్రం కుక్కలేదా నీ కొడుక్కి?" అని ఇంకొకావిడ అనేది. వాళ్ళకి ఆ ఇంటివాళ్ళని పరిచయం చేసే పని వీరవేణిది.

వీరవేణి మా టిక్కెట్ల గుమాస్తా. కౌంటరు ఆ బొమ్మకి ఎదురుగానే ఉండేది. పొద్దస్తమానం వాళ్ళని చూసీ చూసీ ఆవిడకి ఆ ఇల్లు పొరుగిల్లయిపోయింది. భర్త వేట పడవల మీద పనిచేస్తాడు. సముద్రం ఊరుకుంటే డబ్బొస్తుంది, లేకపోతే లేదు. ఇల్లు నికరంగా గడిచేది వీరవేణి జీతంతోనే. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జాయింట్ డైరెక్టరు గారు సంతకం పెడితేనే కొనసాగుతుంది.

ఆ జాయింట్ డైరెక్టరు గారే, కోరుమిల్లి ఉమాపతిరావు గారు, మా మర్యాద ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి స్వయంగా విచ్చేశారు.

ఆయన చెడ్డవారు కాదు. ఎవరైనా నమస్కారం పెడితే, తిరిగి పెట్టేదాకా నడక ఆపేస్తారు. అందువల్ల గేటు నుంచి లోపలికి రావడానికే చాలాసేపు పట్టింది. ద్వారపాలకుడి స్వాగతానికి సంతోషించారు. వీరుడి ఆత్మరక్షణని మెచ్చుకున్నారు. డచ్చి బొమ్మ దగ్గరికి వచ్చి కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. ఎంతకీ లేవలేదు. నడుం పట్టేసిందేమోనని నేను చెయ్యి అందించబోయాను.

"క్యూరేటర్ గారూ, ఈవిడ అతిథికి రొట్టె ఏ చేత్తో ఇస్తున్నట్టు?" అన్నారు.

చూశాను. ఎడంచేత్తో.

"ఈ తల్లి బిడ్డకి జావ ఏ చేత్తో పెడుతున్నట్టు?"

అదీ ఎడంచెయ్యే. కూజా ఎత్తిన ఆయనదీ ఎడంచెయ్యే. ఇన్నేళ్ళుగా నేను గమనించనేలేదు. ఆ కుక్క ఏ కాలు ముందుకు పెట్టిందో చూడ్డానికి ఉమాపతిరావు గారు మళ్ళీ వంగారు.

"ఇది బొమ్మ వేసే పద్ధతి వల్ల వచ్చింది సార్," అన్నాను. "రాగిరేకు మీద మైనం పూసి, సూదితో బొమ్మ గీస్తారు. దాన్ని ఆమ్లంలో ముంచితే గీతల దగ్గర అది రేకుని తినేస్తుంది. ఆ గాట్లలో సిరా నింపి కాగితం మీద ఒత్తితే బొమ్మ తిరగబడి పడుతుంది. రేకు మీద కుడిచెయ్యి కాగితం మీద ఎడంచెయ్యి అవుతుంది. వాళ్ళు మనలాగా కుడిచేతి వాళ్ళే సార్. పాపం, మర్యాదస్తులే."

ఉమాపతిరావు గారు శ్రద్ధగా విన్నారు. విని, "అంటే ముద్రణా దోషమని మీరే అంగీకరిస్తున్నారు," అన్నారు. "ముద్రాపకులు గమనించలేదు. తరవాతి వాళ్ళు సవరించలేదు. శతాబ్దాల తరబడి అతిథికి ఎడంచేత్తో రొట్టె ఇస్తూనే ఉన్నారు. ఇందులో ఎవరి బాధ్యత ఎంత అన్నది తరవాత తేల్చుదాం. ప్రస్తుతం దీన్ని ప్రజల దృష్టి నుంచి తొలగించాలి."

తొలగించడమంటే స్టోరు గదిలో పడెయ్యడం. స్టోరు గదిలో పడేసినవి చెదలకి తప్ప మళ్ళీ ఎవరికీ కనబడవు. వెటకారం నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, బాధ కలిగినప్పుడు ఇంకా ముందుగా వస్తుంది. "ఎందుకు సార్, ఎదురుగా ఒక అద్దం పెడితే సరి. అద్దంలో చూస్తే అందరూ కుడిచేత్తోనే పెడతారు, తింటారు," అన్నాను.

ఆయన నావైపు చూశారు. కోప్పడతారనుకున్నాను. నా భుజం తట్టారు.

"శాఖలో మీవంటి వారుండి కూడా పనులు ఎందుకు ఆగుతున్నాయో అర్థం కాదు," అన్నారు. "అద్దానికి వెంటనే ప్రతిపాదన పంపండి."

అక్కడితో ఆగినా బావుండేది. వెళ్ళేముందు ఆయనకి తను టిక్కెట్టు కొనకుండా లోపలికి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. నియమం అందరికీ ఒకటేనంటూ కౌంటరు దగ్గరికి వెళ్ళి టిక్కెట్టు అడిగారు. అంత పెద్దాయన కిటికీ ముందు నిలబడేసరికి వీరవేణి కంగారుపడింది. కంగారులో చెయ్యి తన అలవాటు తను చూసుకుంటుంది. పరపరా చించి టిక్కెట్టు చేతికిచ్చింది, ఎడంచేత్తో.

ఉమాపతిరావు గారు టిక్కెట్టు తీసుకోలేదు. నావైపు తిరిగి చాలా మృదువుగా అడిగారు.

"ఈమె కూడా ముద్రణా దోషమేనా?"

వీరవేణి నాలిక కరుచుకుంది. "క్షమించండి సార్. నాకు చిన్నప్పట్నించీ ఎడంచేతి వాటమండి. అన్నం కుడిచేత్తోనే తింటానండి. రాయడం, చింపడం మాత్రం దీంతోనే వత్తాదండి," అని రెండో టిక్కెట్టు కుడిచేత్తో చించబోయింది. అది అడ్డంగా చిరిగి, సగం ఆవిడ చేతిలో ఉండిపోయింది, సగం ఆయన బూటు మీద పడింది.

ఆ వారమే ఆవిడ కాంట్రాక్టు కాగితం తిరిగొచ్చింది. సంతకం ఉండాల్సిన చోట "హస్తవర్తన పరిశీలనలో ఉన్నందున నిర్ణయం వాయిదా" అని ఉంది. వీరవేణి దాన్ని నా చేత చదివించుకుంది. "అంటే ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా సార్?" అని అడిగింది. నాకూ తెలియలేదు. వాయిదా అంటే అంతే, ఎవరికీ తెలియకుండా ఉండడమే దాని గొప్ప.

అద్దం మాత్రం వాయిదా పడలేదు. లారీలో వచ్చింది. గోడంతా పట్టే నిలువుటద్దం. దాని ఎదురుగా స్టాండు పాతి, డచ్చి బొమ్మని ముఖం అద్దం వైపు, వీపు జనం వైపు పెట్టి బిగించారు. బొమ్మని చూడదలచినవాళ్ళు స్టాండు వెనక నిలబడి అద్దంలోకి చూడాలి. అరచెయ్యంత బొమ్మ అద్దంలో అగ్గిపెట్టంత కనబడేది. కానీ కళ్ళు బాగా చికిలించి చూస్తే నిజమే, తల్లి కుడిచేత్తో జావ పెడుతోంది.

బొమ్మ కింద ఉండే వివరం అద్దంలో తిరగబడింది కాబట్టి, ఆ వివరాన్ని తిప్పి రాయాల్సి వచ్చింది. మా ఊరి బోర్డుల పెయింటరు ఒత్తులన్నీ ఎడమవైపుకి తిప్పి రాసి, ఆఖర్న అలవాటు కొద్దీ తన సంతకం మాత్రం మామూలుగా పెట్టాడు. అద్దంలో అదొక్కటే ఎవరికీ అర్థం కాలేదు.

ఇక జనం రావడం మొదలైంది. మా మ్యూజియం పుట్టాక అంతమందిని చూడలేదు. బొమ్మ కోసం కాదు, అద్దం కోసం. ఓడలపేటలో అంత పెద్ద అద్దం ఇంకెక్కడా లేదు. కాలేజీ కుర్రాళ్ళు వచ్చి క్రాపులు దువ్వుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళ రోజుల్లో పెళ్ళికూతుళ్ళని కారులో తీసుకొచ్చి, చీర వెనకాల ఎలా ఉందో చూపించి తీసుకుపోయేవాళ్ళు. ఒకాయన రోజూ సాయంత్రం వచ్చి బొజ్జ కనబడకుండా చొక్కా బిగించుకుని, కాసేపు తనని తనే చూసుకుని నిట్టూర్చి వెళ్ళేవాడు. ఉమాపతిరావు గారు ఈ రద్దీ సంగతి తెలిసి పొంగిపోయారు. "సంస్కారవంతమైన కళని ప్రజలు ఆదరిస్తారనుటకు ఇది నిదర్శనం" అని రాసి, మా పద్ధతికి ఓడలపేట నమూనా అని పేరు పెట్టారు.

సంతకొచ్చే ఆడవాళ్ళు మాత్రం అద్దం ముందుకి వెళ్ళడానికి సిగ్గుపడ్డారు. మాసిన చీరలతో, బుట్ట మోసి చెదిరిన జుట్టుతో తమని తాము అంత పెద్దగా చూసుకోవడం వాళ్ళకి ఇష్టం లేకపోయింది. ఒక ముసలావిడ గుమ్మంలోంచే తొంగిచూసి, "ఆ పిల్లతల్లి ఏదమ్మా? ఊరెళ్ళిపోయిందా?" అని వీరవేణిని అడిగింది. "ఇక్కడే ఉందత్తా. అటు తిరిగి కూచుంది," అంది వీరవేణి. ఆ మాట విని నాకు నవ్వొచ్చింది, బాధా వేసింది.

నమూనా నెగ్గింది కాబట్టి దాన్ని విస్తరించాలి. ఎక్కడికి విస్తరించాలా అని ఉమాపతిరావు గారు ఆలోచించి, వాయిదాలో ఉన్న వీరవేణి కాగితం తీశారు. బొమ్మలో మనుషులకి పనికొచ్చిన సవరణ ప్రాణమున్న మనుషులకి ఎందుకు పనికిరాదు? టిక్కెట్ కౌంటరుకి ఎదురుగా ఇంకో అద్దం పెట్టించారు. దాంతోపాటు వీరవేణిని పరిశీలనార్థం కొంతకాలం కొనసాగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. "సందర్శకులు కౌంటరుకు వీపు చూపి నిలబడి, ఎదుటి అద్దములో గుమాస్తాను వీక్షించుచు, చేతిని వెనుకకు చాచి టిక్కెట్టు స్వీకరించవలెను" అని అందులో ఉంది.

మా జనం చాలా మంచివాళ్ళు. చెయ్యమన్నారని చేశారు. కౌంటరు ముందు వరసగా వీపులు పెట్టి నిలబడి, చేతులు వెనక్కి చాచేవాళ్ళు. అద్దంలో చూస్తే వీరవేణి చక్కగా కుడిచేత్తోనే టిక్కెట్లు ఇస్తున్నట్టు ఉండేది. చిల్లర మాత్రం ఎవరిది ఎవరి చేతిలో పడేదో తేలేది కాదు. రోజూ సాయంత్రం వీరవేణి మోకాళ్ళ మీద కూచుని బల్లల కింద వెతుక్కునేది.

ఒకరోజు నాకు వేరే చిక్కు కనబడింది. అద్దంలో వీరవేణి ఎడంచెయ్యి కుడి అవుతోంది, నిజమే. మరి టిక్కెట్టు తీసుకునే ఆయన కుడిచెయ్యి? అది ఎడమ అవుతోంది! ఇచ్చే ఆవిడ మర్యాదస్తురాలైంది, పుచ్చుకునే ఊరంతా మర్యాద తప్పింది. ఈ సంగతి వెంటనే పైకి రాశాను. ఉమాపతిరావు గారు ఫోన్ చేశారు.

"మీ పరిశీలన ప్రశంసనీయం," అన్నారు. "కానీ సంస్కార సంవత్సరం నిబంధనలు ప్రదర్శిత వస్తువులకీ, సిబ్బందికీ వర్తిస్తాయి. సామాన్య ప్రజానీకం ఏ చెయ్యి చాచినా శాఖకి అభ్యంతరం లేదు."

"పెద్దవాళ్ళెవరైనా అద్దం ముందు నిలబడితే, సార్?"

"ఎవరు నిలబడతారండీ?" అని ఫోన్ పెట్టేశారు.

మంత్రిగారు నిలబడ్డారు. ఓడలపేట నమూనా కీర్తి ఆయన దాకా వెళ్ళి, చూసితీరాలని బయల్దేరారు. డచ్చి బొమ్మ గదిలో అద్దం ముందే దీపారాధన ఏర్పాటు చేశారు. గది ఇరుకు. అద్దానికీ మంత్రిగారికీ మధ్య దీపపు కుందె పెట్టాక, ఫొటోలు తీసేవాళ్ళకి మంత్రిగారి వెనక తప్ప చోటు దొరకలేదు. వీపు ఫొటో తీస్తే పత్రికల్లో వెయ్యరు కదా, అద్దంలో కనబడే ముఖాన్నే తీశారు. మంత్రిగారు చిరునవ్వుతో కుడిచేత్తో వత్తి వెలిగించారు. ఉమాపతిరావు గారు చప్పట్లు కొట్టారు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలో ఆ ఫొటో వచ్చింది. వెనక మూలన రైతు కుటుంబం బుద్ధిగా కుడిచేత్తో తింటోంది. ముందు మంత్రిగారు దివ్యంగా నవ్వుతూ, ఎడంచేత్తో దీపం వెలిగిస్తున్నారు. "సంస్కార సంవత్సరంలో ఎడమచేతి జ్యోతి" అని పైన పెద్ద అక్షరాలు.

మధ్యాహ్నానికల్లా అరిష్టమని టీవీల్లో చర్చలు మొదలయ్యాయి. ఎదుటి పార్టీవాళ్ళు మా గేటు దగ్గరికి వచ్చి కుడిచేతులు పైకెత్తి నినాదాలు ఇచ్చారు. మంత్రిగారు కుడిచేత్తోనే వెలిగించానని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఫొటో అబద్ధమాడదు కదా అన్నారు. సాయంత్రానికి శాఖ విచారణ జరిపి, ఎడమచేతి వాతావరణం ఈ మ్యూజియంలో ఎక్కడ మొదలైందా అని ఆలోచించి, టిక్కెట్ కౌంటరు దగ్గర మొదలైందని తేల్చింది. వీరవేణిని రేపట్నించి రావద్దన్నారు.

ఆవిడ కౌంటరు తాళం నా బల్ల మీద పెట్టింది. వెళ్తూ స్టాండు అవతలికి వంగి ఆ బొమ్మకేసి ఒకసారి చూసి, గబగబా మెట్లు దిగిపోయింది. అద్దం మాట అన్నది నేను, కొంప మునిగింది ఆవిడది. మా ఉత్తర్వుల్లో వెటకారానికి శిక్ష ఎవరికి వేయాలో రాసి ఉండదు. తగలాల్సినవాడికి మాత్రం తగలదు.

మంత్రిగారి కోపం ఉమాపతిరావు గారి మీదికి మళ్ళింది. సంస్కార సంవత్సరం ముగింపు ఉత్సవం ఓడలపేటలోనే, అదే గదిలో, అదే అద్దం ముందు జరగాలన్నారు. ఈసారి ఫొటోలో తాను కుడిచేత్తో దీపం వెలిగిస్తూ కనబడాలి, లేకపోతే ఉమాపతిరావు గారు మన్యంలో ఏ గోడౌనుకో బదిలీ అయిపోతారు.

"అద్దం తీసేస్తే పోతుంది కదా సార్," అన్నాను నేను.

"తీస్తే పెట్టడం తప్పని ఒప్పుకున్నట్టు," అన్నారు. ఆ మాట నీరసంగా అన్నారు, అయినా అన్నారు. "పైగా వెనక రైతులు ఎడంచేత్తో తింటూ కనబడతారు. మార్గం ఒక్కటే. అద్దంలో కుడి అనిపించాలంటే మంత్రిగారు ఎడంచేత్తో వెలిగించాలి."

"వెలిగిస్తారు సార్, ఎంత పని?"

ఆయన సంచిలోంచి ఒక పంచె తీసి అంచు చూపించారు. కాలి నల్లబడి ఉంది. రాత్రి ఇంట్లో ఎడంచేత్తో ప్రయత్నించారట. వత్తి అంటుకోలేదు, పంచె అంటుకుంది.

మంత్రిగారికి ఎవరో ఒకరు నేర్పాలి. నేర్పేవారు హోదాలో జాయింట్ డైరెక్టరుకి తగ్గకూడదని నియమం. కాబట్టి ముందు ఉమాపతిరావు గారు నేర్చుకోవాలి. ఆయనకి నేర్పేవాళ్ళెవరున్నారని శాఖంతా వెతికించారు. అనుభవం ఉన్న మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషిని మొన్ననే పంపించేశారు.

ఆయన కారులోనే ఇద్దరం వెళ్ళాం. వీరవేణి ఊరిచివర రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదురుకుంది. బల్ల ముందు నిలబడి, మంచునీళ్ళలో చేతులు ముంచి టకటకా తీస్తోంది. పక్కవాళ్ళ కంటే ఆవిడ కుప్పే పెద్దగా ఉంది. వేళ్ళు మాత్రం నీళ్ళకి నాని తెల్లగా పాలిపోయాయి. ఉమాపతిరావు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకోబోయి, అమర్యాద అవుతుందని మానేశారు.

"ఇక్కడ ఏ చెయ్యి అని ఎవరూ అడగరండి," అంది మమ్మల్ని చూసి. "రొయ్యకేం తెలుత్తాది?"

ఆయన విషయం చెప్పారు. శాఖా గౌరవం, మంత్రిగారి ప్రతిష్ఠ, సంస్కార సంవత్సరం పరమార్థం, అన్నీ కలిపి ఒకే వాక్యంలో చెప్పారు. వీరవేణి ఓపిగ్గా విని, కొంగుకి చేతులు తుడుచుకుంది.

"నేర్పుతానండి. నా కాగితం తెచ్చుకోండి," అంది.

సోమవారం మ్యూజియానికి సెలవు. తలుపులు మూసి, అద్దం ముందు కుర్చీ వేశాం. ఉమాపతిరావు గారు దీపపు కుందె, నూనె, కొత్త వత్తులు, ముందుజాగ్రత్తగా బక్కెట్టెడు నీళ్ళు తెప్పించారు. వీరవేణి వాటన్నిటినీ పక్కకి జరిపి, తను తెచ్చిన ఉప్మా పొట్లం విప్పి, ఒక చెంచా పెట్టింది.

"దీపం తరవాతండి. ముందు తినడం. ఆకలి మీదైతేనే చెయ్యి మాట వింటాది," అంది.

"ఎడంచేత్తో తినడమా?" ఆయన లేవబోయారు.

"చెంచాతోనే కదండీ. ముట్టుకోనక్కర్లేదు. అయితే కుడిచెయ్యి ఖాళీగా ఉంటే అదే ముందుకొచ్చేత్తాదండి. దాన్ని కట్టెయ్యాలి." సంచిలోంచి మెత్తటి పాత గుడ్డ ఒకటి తీసింది.

ఉమాపతిరావు గారు ఆ గుడ్డకేసి, నాకేసి చూశారు. మంత్రిగారు గుర్తొచ్చారో, మన్యం గోడౌను గుర్తొచ్చిందో, కుడిచెయ్యి చాచారు. వీరవేణి కట్టలేదు. కాంట్రాక్టు కాగితం ఆయన ముందు పెట్టింది.

"ముందు సంతకం పెట్టెయ్యండి సార్. కట్టాక పెడితే ఆ సంతకం మీది కాదంటారు. కౌంటరు దగ్గర అద్దం తీసెయ్యాలన్నది కూడా అందులో ఉందండి. మా క్యూరేటర్ సార్ చేత రాయించాను."

ఆయన కాగితమంతా చదివారు. ఎక్కడైనా వాయిదా అన్న మాట పట్టే చోటు ఉందేమోనని చూశారేమో, దొరకలేదు. సంతకం పెట్టారు. చెయ్యి ఇంకా ఖాళీగానే ఉంది కదా అని, ఉత్సవం అయిన మర్నాడు డచ్చి బొమ్మ ముఖాన్ని జనం వైపు తిప్పుటకు అనుమతి కోరుతూ రాసిన కాగితం నేనూ ముందుకి జరిపాను. ఆయన నావైపు ఒక చూపు చూసి, దాని మీదా గీకేశారు.

అప్పుడు వీరవేణి ఆ చేతిని కుర్చీ చేతికి కట్టింది. గట్టిగా కట్టలేదు. వేలు దూరేంత వదులు ఉంచి, నొప్పిగా ఉందా అని అడిగి మరీ కట్టింది.

మొదటి చెంచా ఆయన చెవి దాకా వెళ్ళింది. రెండోది చొక్కా జేబులో పడింది. మూడోసారి జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి, నోరు ముందే తెరిచి పెట్టుకుని చెంచా ఎత్తారు. పెదవి దగ్గరికి వచ్చేసరికి మణికట్టు దానంతటదే తిరిగిపోయి, ఉప్మా అంతా ఒళ్ళో పడింది. కట్టిన చెయ్యి సాయం రాబోయి గుడ్డలో గిలగిల్లాడింది. వీరవేణి మళ్ళీ చెంచా నింపి పెట్టింది. మళ్ళీ పడింది. పొద్దున్నించీ ఏమీ తినకుండా రమ్మని చెప్పినట్టుంది, ఆయన ముఖం వాడిపోయింది. కాసేపు విసుక్కున్నారు. ఉప్మా మరీ పొడిగా ఉందన్నారు. చెంచా వంకరగా ఉందన్నారు. తరవాత అద్దంలో తనని తను చూసుకుంటూ, చెంచా పట్టుకుని అలాగే కూచుండిపోయారు.

"ఇంత పెద్దవాణ్ణి. నా నోరెక్కడుందో నాకే తెలియడం లేదు," అన్నారు. "చేతిని ఇలా కట్టేసి... ఏడుపొస్తోందమ్మా. ఇదంతా నీకెవరు నేర్పారు?"

"మా అమ్మండి. అన్నం ఎడంచేత్తో తింటన్నానని, ఆ చెయ్యి మంచానికి కట్టేసి కుడిచేత్తో అలవాటు చేసిందండి."

"మరి ఎలా తట్టుకున్నావు?"

"ఏడ్చానండి," అంది వీరవేణి, ఆయన ఒళ్ళో పడ్డ ఉప్మా తుడుస్తూ. "నాకప్పుడు నాలుగేళ్ళు."